గోడ మీది చీటీలు

ఈరోజు పగలంతా గ్యాలరీలో చీటీలతోనే సరిపోయింది. ఇక్కడి బొమ్మలన్నీ ఇంట్లో హింస నుంచో మత్తు అలవాటు నుంచో బయటపడుతున్నవాళ్లు వేసినవే. ప్రతి బొమ్మ పక్కనా ఒకటి అంటించాలి: బొమ్మ పేరు, ఏ రంగులు, ఎంత సైజు, వెల. గీసినవాళ్ల పేరు మాత్రం వాళ్లు ఎలా రాయమంటే అలా. కొందరు పూర్తి పేరు పెద్దక్షరాల్లో వేయమంటారు, కొందరికి ఒక్క అక్షరం చాలు. ఇంట్లో హింస పడలేక బయటికొచ్చిన మనిషి ఆచూకీ ఒక్క చీటీతో తెలిసిపోవచ్చు. అందుకే లోపల ఫొటోలు కూడా తియ్యనివ్వం.

మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. పెద్ద నీలం బొమ్మ ముందు నిలబడి, "ఈవిడకి ఏం జరిగిందండీ?" అన్నాడు. గొంతులో జాలి తప్ప ఇంకేం లేదు, మంచివాడే. అది చెప్పమండీ అన్నాను. "కథ తెలిస్తే కొనబుద్ధేస్తుంది కదా!" అన్నాడు. నిజమే. పక్కన కన్నీటి కథ పెడితే బొమ్మ తొందరగా అమ్ముడుపోతుంది. విరాళాల మీద నడిచే గ్యాలరీలో నెలాఖరు టెన్షన్ నాకు కొత్త కాదు. అయినా అలా అమ్మితే ఆయన ఇంటికి పట్టుకెళ్లేది బొమ్మని కాదు, జాలిని.

ఇటలీ చిత్రకారిణి ఆర్తెమీసియా జెంతిలెస్కీ గుర్తొచ్చింది. 1612లో ఆమె మీద జరిగిన అత్యాచారం కేసు విచారణలో, నిజమే చెబుతోందా అని తేల్చడానికి ఆమె వేళ్లకే తాళ్లు చుట్టి బిగించారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆమె బొమ్మ అనగానే జనం ముందు ఆ కేసే ఎత్తుతారు, ఆ వెలుగునీడల సంగతి తర్వాతే. ఫ్రాన్స్ కళాకారిణి నికి ద సాన్‌ఫాల్ కాస్త నయం. 1961లో ప్లాస్టర్‌లో రంగు సంచులు దాచి, తుపాకీతో కాల్చి బొమ్మలు చేసింది. చిన్నప్పుడు కన్నతండ్రే చేసిన అఘాయిత్యాన్ని పుస్తకంగా బయటపెట్టింది మాత్రం 1994లో. ఎప్పుడు చెప్పాలో ఆమే తేల్చుకుంది.

సాయంత్రం వెనక గదిలో క్లాసు. అక్కడ టర్పెంటైన్, థిన్నర్ ఉండవు, అన్నీ నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగులే. థిన్నర్ లాంటివాటి వాసన తగిలితే చాలు, కొందరికి పాత అలవాటు మీదికి మనసు పోతుంది. శానిటైజర్‌లోనూ ఆల్కహాలే కాబట్టి సబ్బుతోనే చేతులు కడుక్కుంటాం. బ్లేడ్లు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాం. కొత్తగా సాయానికి వచ్చిన అమ్మాయికి ఇదంతా అతిగా అనిపించినట్టుంది. పోనీలే, నేర్చుకుంటుంది. మధ్యలో మళ్లీ మందు ముట్టుకుని కొన్నాళ్లు రాకుండా పోయినవాళ్ల ఏప్రన్లు కొక్కేలకి అలాగే ఉంటాయి. వాటిని ఎవరూ తియ్యరు. ఎవరివో ఈ డైరీలో కూడా రాయను.

నీలం బొమ్మ వేసినావిడ ఇంకో క్యాన్వాస్ మీద పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో తడి రంగు గీకుతోంది. గీకిన చోటల్లా అడుగున ఎర్రపొర తేలుతోంది. మధ్యాహ్నం సంగతి చెప్పాను. కొన్నాడా అని అడిగింది. లేదన్నాను.

"ఎంత పెట్టారక్కా?"

చెప్పాను. కార్డు పక్కన పడేసి నా వైపు తిరిగింది.

"అంత పెద్ద బొమ్మకి అంతేనా? పెంచండి. నాలుగు పూతలేశాను."

రేపు పొద్దున్నే ఆ చీటీ మళ్లీ రాయాలి.