రేడెన్ మాయం కావలసిన చోట ఎగురుతున్నాడు: మోర్టల్ కాంబాట్ స్టోరీ మోడ్ చిట్టా

మే 11, ఆదివారం రాత్రి

మోర్టల్ కాంబాట్ అనే పోరాట ఆటలో రేడెన్ పాత్రతో ఆడుతూ, ఇరవై ఆరోసారి కూడా ఆఖరి శత్రువు షావో కాన్ చేతిలో ఓడిపోయాను. ఓటమి కంటే ఓడిన తీరే ఈ రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు. మూడో రౌండులో ఇద్దరి హెల్త్ పావు వంతుకు దిగింది. కాన్ దూరంగా నిలబడి ఈటె విసిరాడు. సరిగ్గా ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్న నేను కింద, పైన నొక్కాను. రేడెన్ అక్కడికక్కడే మాయమై కాన్ వీపు వెనక తేలాలి, ఈ కదలికనే టెలిపోర్ట్ అంటారు. అందుకు బదులు వెనక్కి గాలిలోకి ఎగిరాడు. నేల మీదికి దిగుతున్న చోటికే కాన్ భుజం ముందుకు పెట్టి దూసుకొచ్చాడు. అంతటితో ఆట ముగిసింది.

2011 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ఆటను నేను 2013 నాటి పీసీ రూపమైన కాంప్లీట్ ఎడిషన్‌లో ఆడుతున్నాను. ఆన్‌లైన్ పోటీలకు వెళ్లే ఉద్దేశం నాకు లేదు, నాకు కావలసింది కథే. మొదటి మూడు ఆటల కథను తిరిగి చెబుతూ, సర్వనాశనం అంచున నిలబడిన రేడెన్ గతంలోని తనకే హెచ్చరిక పంపడంతో మొదలుపెట్టి, ఆ హెచ్చరికకు అర్థమేమిటో తెలియక అతడు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఎవరో ఒకరు బలి కావడం చూపించే ఈ స్టోరీ మోడ్‌కు సాటి వచ్చేది పోరాట ఆటల్లో నేను ఇంతవరకు ఆడలేదు. దృశ్యం నడుస్తూ నడుస్తూనే పోరులోకి జారుకోవడం, మధ్యలో లోడింగ్ తెర అడ్డు రాకపోవడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

పదహారు అధ్యాయాల్లో పదిహేను రెండు వారాల్లో పూర్తయ్యాయి. కుంగ్ లావో పాత్రతో కింటారో అనే శత్రువును ఆరో ప్రయత్నంలో గెలిచాను.

అసలు చిక్కంతా చివరి అధ్యాయంలోనే ఉంది. అధ్యాయానికొక పాత్ర మారే పద్ధతి నాలాంటి వారికి ఎంతో మేలు, ఎందుకంటే ఒకే పాత్రను నెలల తరబడి సాధన చేసే ఓపిక లేకపోయినా అందరి రుచీ తెలుస్తుంది. కానీ రేడెన్ మన చేతికి వచ్చేది పదహారో అధ్యాయంలో. అప్పుడప్పుడే పరిచయమైన చేతులతో, ఆటలోకెల్లా బలవంతుడైన శత్రువును ఎదుర్కోవాలి. షావో కాన్ మామూలు దెబ్బలకు ఇతర పాత్రల్లా తూలడు కాబట్టి అంతవరకు నేర్చుకున్న కాంబోలు, అంటే వరుసగా కలిపి కొట్టే దెబ్బలు, అతడి మీద పెద్దగా పనికిరావు. అడ్డుకుని బ్లాక్ చేసినా అతడి దెబ్బలకు హెల్త్ తరుగుతూనే ఉంటుంది. అతడు ఈటె విసిరినప్పుడు, తన గొప్ప చెప్పుకుంటూ నిలబడినప్పుడు మాత్రమే సందు దొరుకుతుంది. ఆ సందులోకి చేరడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి టెలిపోర్ట్ ఒక్కటే, అది వేళకు పడడం లేదు. మీడియం నుంచి కింది స్థాయికి దిగితే ఈ సమస్య రాకపోవచ్చు, అయినా దిగదలచుకోలేదు.

మే 13, మంగళవారం

ఇవాళ స్టోరీ మోడ్ ముట్టుకోలేదు. ప్రాక్టీస్‌లో రేడెన్‌ను ఎడమవైపు నిలబెట్టి, టెలిపోర్ట్ ఒక్కటే యాభైసార్లు నొక్కి లెక్క రాసుకున్నాను. నా పాత వైర్డ్ కంట్రోలర్‌లో దిక్కులు నొక్కే డి-ప్యాడ్ ఒకే గుండ్రటి బిళ్లగా ఉంటుంది. దాని మీద 21 సార్లు టెలిపోర్ట్ పడింది, 25 సార్లు రేడెన్ ఎగిరాడు, 4 సార్లు కూర్చుని లేచాడు. అనలాగ్ స్టిక్‌తో మళ్లీ యాభై నొక్కితే 17 మాత్రమే పడ్డాయి. తమ్ముడి సోనీ కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4ను యూఎస్‌బీ తీగతో కలిపి నొక్కితే 33 పడ్డాయి. నాలుగు దిక్కులకూ నాలుగు విడి మీటలున్నట్టు తోచే సోనీ డి-ప్యాడ్ పోరాట ఆటలకు బాగా నప్పుతుందని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, ఈ లెక్కతో ఆ అభిప్రాయం గట్టిపడింది. అయినా యాభైలో 17 పోతున్నాయంటే షావో కాన్ ముందు దాన్ని నమ్ముకోలేను.

కారణం గురించి మొదట మూడు ఊహలు చేశాను. మొదటిది టీవీ ఆలస్యం. దీన్ని వెంటనే కొట్టేశాను, ఎందుకంటే ప్రాక్టీస్‌లో నేను దేన్నో చూసి స్పందించడం లేదు, నాకు తోచినప్పుడు నొక్కుతున్నాను, కాబట్టి తెర ఎంత ఆలస్యంగా చూపించినా ఆటకు అందే వరుస మారదు. రెండోది, ముందు చేసిన కదలిక పూర్తిగా ముగియకముందే నొక్కడం. ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు సెకన్లు ఆగి చూసినా ఫలితం మారలేదు. మూడోది, కింద నుంచి పైకి వెళ్లడంలో బొటనవేలు నెమ్మదించడం. దీన్ని కొట్టేయడానికి నా దగ్గర ఆధారం లేదు, కొలిచి చూడాలి.

గెలిచాక శత్రువును చంపే ఫేటాలిటీలకు పైకి నొక్కవలసినప్పుడు బ్లాక్ పట్టుకుంటే పాత్ర ఎగరదన్న పాత కిటుకు తెలియనిది కాదు. కానీ మామూలు పోరులో ప్రత్యేక కదలికకు బ్లాక్ కలపడమంటే మీటర్ ఖర్చయ్యే ఎన్‌హాన్స్‌డ్ రూపాన్ని అడగడమే. ఎక్స్-రే అనే పెద్ద దెబ్బ కోసం మీటర్ మూడు గడులూ దాచుకుంటున్న చోట ఆ అలవాటు చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

మే 17, శనివారం

కారణం దొరికింది! రెండు గంటలుగా ఆ ఉత్సాహం తగ్గడం లేదు.

ఫోన్‌ను స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేముల వేగంతో పెట్టి, పాత కంట్రోలర్ మీద నా బొటనవేలిని పైనుంచి తీయమని తమ్ముడికి చెప్పాను. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి ఆటలోని ఒక్కో ఫ్రేముకు వీడియోలో నాలుగు ఫ్రేములు వస్తాయి, వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 4.17 మిల్లీసెకన్లు. మంగళవారం లాగే యాభైసార్లు నొక్కితే ఈసారి కూడా సరిగ్గా 21 పడ్డాయి. వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ, బిళ్ల కిందివైపు వంపు వదిలిన క్షణం నుంచి పైవైపు వంగిన క్షణం వరకు లెక్కపెట్టాను.

టెలిపోర్ట్ పడిన వాటిలో ఆ వ్యవధి 12 నుంచి 30 ఫ్రేములు, అంటే 50 నుంచి 125 మిల్లీసెకన్లు ఉంది. పడకుండా ఎగిరిపోయిన వాటిలో అత్యధిక భాగం 14 నుంచి 28 ఫ్రేముల మధ్యే ఉంది. రెండూ ఒకే వేగం! నెమ్మదితనమే కారణమైతే ఇలా ఉండకూడదు. ఇక్కడ దాదాపు గంటసేపు ముందుకు కదలలేకపోయాను.

అప్పుడు తమ్ముడు టీవీ తెరను కాకుండా నా వేలిని చూస్తూ, "అన్నయ్యా, గోరు చూడు. కింద నొక్కినప్పుడు తిన్నగానే ఉంది, పైకి వెళ్లేసరికి ఎడమకు తిరిగిపోతోంది" అన్నాడు. మళ్లీ మళ్లీ చూశాను, వాడు చెప్పింది నిజం. బిళ్ల పైకి వంగడంతో పాటు ఎడమకు కూడా ఒరుగుతోంది. ఆటకు అందుతున్నది కింద, పైన కాదు, ఆ రెంటి నడుమ లేదా చివర ఎడమ దిక్కు కూడా కలుస్తోంది.

దీనికి సాక్ష్యం మొదటినుంచీ తెర మీదే ఉంది, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రేడెన్ ఎగిరిన దిక్కే ఆ సాక్ష్యం. పైమీట ఒక్కటే పడితే నిట్టనిలువుగా ఎగురుతాడు, పక్కదిక్కు కలిస్తే ఏటవాలుగా ఎగురుతాడు. ఈ వీడియోలోని 25 ఎగురుళ్లను విడదీస్తే 18 వెనక్కి ఏటవాలు, 2 ముందుకు, 5 నిలువు. నిలువుగా ఎగిరిన అయిదింటిలో నాలుగింటికి ఆ వ్యవధి 45 ఫ్రేములు, అంటే 188 మిల్లీసెకన్లు దాటింది, కాబట్టి అవి మాత్రం నిజంగా నెమ్మదితనం వల్ల పోయినవే.

ఇది ఆట చేసే పని కాదు, నా వేలు చేసే పని అని నిర్ధారించుకోవడానికి రేడెన్‌ను కుడివైపు నిలబెట్టి మరో యాభై నొక్కాను. అక్కడ ఎడమ అంటే ముందువైపు, కాబట్టి నా ఊహ సరైనదైతే ఎగురుళ్లు ముందుకు మారాలి. మారాయి. 24 ఎగురుళ్లలో 16 ముందుకు, 6 నిలువు, 2 వెనక్కి. ఎడమ బొటనవేలు దాని మొదటి కీలు చుట్టూ తిరుగుతుంది, అందువల్ల ముడుచుకున్న వేలు చాచుకునేటప్పుడు దాని కొన నిలువు గీత మీద కాకుండా ఎడమకు వంగిన చాపం మీద నడుస్తుందని నా అంచనా. విడి మీటలున్న డి-ప్యాడ్‌లో ఆ ఒరుగుడు పక్క మీటను తాకేంత దూరం పోదు కాబట్టే డ్యూయల్‌షాక్ మెరుగ్గా వచ్చిందనుకుంటున్నాను.

మే 18, ఆదివారం

పట్టు మార్చి చూశాను. కంట్రోలర్‌ను కొద్దిగా కిందికి దించి పట్టుకుని, వేలిని బిళ్ల మీద దొర్లించకుండా ఎత్తి పెడితే పాత కంట్రోలర్ మీద యాభైకి 29 వచ్చాయి. బల్ల మీద పెట్టి చూపుడువేలితో పైన, మధ్యవేలితో కింద నొక్కితే 44 వచ్చాయి కానీ ఆ భంగిమలో కుడిచేతికి బ్లాక్ ట్రిగ్గర్ అందదు, బ్లాక్ లేకుండా కాన్ ఎదుట నిలబడలేం.

చివరికి కీబోర్డు తీశాను. కింద మీట మీద మధ్యవేలు, పైమీట మీద చూపుడువేలు ఉంచి నొక్కితే యాభైకి 47! నా కీబోర్డులో చెర్రీ ఎంఎక్స్ రెడ్ స్విచ్చులున్నాయి. సుమారు 45 గ్రాముల ఒత్తిడికే, 2 మిల్లీమీటర్ల లోతులోనే నొక్కు నమోదవుతుంది. నడుమ గట్టు తగలని ఇలాంటి తేలికైన స్విచ్చులే పోరాట ఆటలకు మేలని నా అభిప్రాయం, టక్కుమని చప్పుడు చేసేవి టైపింగ్‌కు బాగుంటాయి.

పోయిన మూడింటినీ వీడియోలో చూస్తే కింద మీట పూర్తిగా వదలకముందే పైమీట దిగింది. రెండూ కలిసి నొక్కి ఉన్న కాలం 2, 3 ఫ్రేములు, అంటే 8 నుంచి 12 మిల్లీసెకన్లు. ఎదురెదురు దిక్కులు ఒకేసారి అందినప్పుడు వరుస చెడిపోతోందని ఊహిస్తున్నాను. దీని పరిష్కారం తరవాతి పనిలో ఉంది.

మే 24, శనివారం

ముప్పై తొమ్మిదో ప్రయత్నంలో షావో కాన్‌ను 2-1తో ఓడించాను, ముగింపు దృశ్యాన్ని తమ్ముడితో కలిసి చూశాను.

ఆ మూడు రౌండ్లలో టెలిపోర్ట్ పద్నాలుగుసార్లు నొక్కితే పదమూడు పడ్డాయి. కానీ దాని వెంట వచ్చే రెండో చిక్కు ఇప్పుడు బయటపడింది. రేడెన్ శత్రువు వెనక తేలగానే పక్కలు మారిపోతాయి. శత్రువు మీదికి ఎగిరి దూసుకెళ్లే ఎలక్ట్రిక్ ఫ్లై కోసం వెనక, ముందు, ముందుకాలి తన్ను నొక్కాలి, టెలిపోర్ట్ తరవాత ఆ వెనక ఎటువైపో చేతికి వెంటనే తట్టడం లేదు. తొమ్మిదిసార్లు ప్రయత్నిస్తే నాలుగే పడ్డాయి. అందువల్ల ఈ పోరులో దాన్ని మధ్యలోనే మానేసి, వెనక తేలిన ప్రతిసారీ దిక్కుతో పెద్దగా పని లేని అప్పర్‌కట్‌నే నమ్ముకున్నాను. పాత్ర ఎటు తిరిగి ఉందో చూడకుండా, టెలిపోర్ట్ నొక్కిన క్షణంలోనే మనసులో దిక్కు మార్చుకోవడం అలవాటైతే ఇది కుదురుతుందని అనుకుంటున్నాను. రోజుకు ఇరవై నిమిషాలు ఈ జంట ఒక్కదానికే కేటాయించి, ఆ తరవాత హార్డ్ స్థాయిలో పదహారో అధ్యాయం మళ్లీ ఆడతాను. 2015 నాటి మోర్టల్ కాంబాట్ ఎక్స్ కథను దాని తరవాతే మొదలుపెడతాను.

ఈలోగా కర్ర లేకుండా దిక్కులకు కూడా బొత్తాలే ఉండే లివర్‌లెస్ కంట్రోలర్ ఒకటి సొంతంగా చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. కింద, పక్కల దిక్కులకు ఎడమచేతి వేళ్లు, పైకి మాత్రం బొటనవేలు వాడే ఈ అమరికలో నా వేలి చాపానికి పని లేదు. రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, దాన్ని కంట్రోలర్‌గా నడిపే జీపీ2040-సీఈ ఫర్మ్‌వేర్ వేస్తాను. ఎదురు దిక్కులు కలిసి అందినప్పుడు రెంటినీ రద్దు చేయాలా, పైదిక్కుకు ప్రాధాన్యం ఇవ్వాలా, చివర నొక్కినదాన్ని తీసుకోవాలా అన్నది అందులో మనమే ఎంచుకోవచ్చు. చివర నొక్కినదే చెల్లేటట్టు పెడితే కీబోర్డులో పోయిన ఆ మూడు కూడా పడాలి. ముందుగా దాన్నే యాభైసార్లు పరీక్షిస్తాను.

బొత్తాలు సాన్వా కంపెనీవే తీసుకుంటాను, పైదిక్కుకు 30 మిల్లీమీటర్లది, మిగిలిన వాటికి 24 మిల్లీమీటర్లవి. తీగలు, టంకం సామాను కోసం వచ్చే వారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాలి. పెట్టెకు ప్లైవుడ్ ముక్క ఇంట్లోనే ఉంది, చిన్న బొత్తాల రంధ్రాలకు దాని మీద గీతలు గీశాను. పైబొత్తాం రంధ్రం మాత్రం ఇంకా గుర్తు పెట్టలేదు. ఎడమచేతిని అట్టముక్క మీద ఊరికే ఆనించి, బొటనవేలు తనంత తాను ఎక్కడ దిగుతుందో మూడు రాత్రులపాటు పెన్సిల్‌తో చుక్కలు పెడతాను. ఆ చుక్కలు ఎక్కడ ఎక్కువగా గుమిగూడితే అక్కడే డ్రిల్ దించుతాను.