స్కార్లెట్ స్ట్రీట్: పోలీసులు పట్టుకోని హంతకుడి సినిమా, చూసే పద్ధతి

హత్య చేసినవాణ్ణి అపరాధభావం ఎలా తినేస్తుందో చూపించే పాత ఫిల్మ్ నోయిర్ (చీకటి నీడలు నిండిన హాలీవుడ్ నేరకథా చిత్రం) ఏదైనా ఒక్కటి చెప్పమంటే నా ఓటు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'స్కార్లెట్ స్ట్రీట్'కే. 1945 డిసెంబరు చివర్లో విడుదలైంది. బ్లాక్ అండ్ వైట్, నిడివి దాదాపు 102 నిమిషాలు. ఛాయాగ్రహణం మిల్టన్ క్రాస్నర్. అంతకుముందు ఏడాది వచ్చిన 'ది ఉమన్ ఇన్ ద విండో'లోని ముగ్గురు నటులే ఇందులోనూ ఉన్నారు: ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్, జోన్ బెనెట్, డాన్ డ్యురియా.

సినిమా ఒక సన్మాన విందుతో మొదలవుతుంది. క్రిస్టఫర్ క్రాస్ (రాబిన్‌సన్) అనే క్యాషియర్ పాతికేళ్ళు నమ్మకంగా పనిచేసినందుకు యజమాని బంగారు గడియారం బహూకరిస్తాడు. పోర్టులోనో షిప్‌యార్డులోనో జరిగే సర్వీసు సన్మానాలు చూసిన విశాఖవాళ్ళకి ఈ సీన్ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ నవ్వులు, ఆ మొహమాటం, యజమాని లేచి వెళ్ళిపోగానే ఊపిరి పీల్చుకునే బల్లలు, అన్నీ మనకి తెలిసినవే. యజమాని తొందరగా వెళ్ళిపోయేది బయట కారులో తనకోసం ఒకామె ఎదురుచూస్తోంది కాబట్టి. కిటికీ లోంచి అది చూసిన క్రిస్ మొహాన్ని గమనించండి. అసూయ కాదది, తన జీవితంలో అలాంటిది ఎప్పుడూ జరగలేదన్న దిగులు. మిగతా కథంతా అక్కణ్ణించే పుడుతుంది. కోర్టుల చుట్టూ తిరిగే చిన్న మనుషుల్ని రావిశాస్త్రి కథల్లో దగ్గరగా చూసినవాళ్ళు క్రిస్‌ని చూడగానే గుర్తుపడతారు.

ముందు ప్రింటు సంగతి, ఎందుకంటే చాలామంది ఈ సినిమాని తప్పుపట్టేది ప్రింటు వల్లే. 28 ఏళ్ళకి చేయించాల్సిన కాపీరైటు రెన్యువల్ జరగలేదు కాబట్టి అమెరికాలో ఇది పబ్లిక్ డొమైన్‌లో పడింది. అందుకే ఆన్‌లైన్‌లో ఉచితంగా లెక్కలేనన్ని కాపీలు దొరుకుతాయి. అందులో ఎక్కువ భాగం కాపీ మీద కాపీ తీసినవి. నలుపు బూడిదరంగులోకి, తెలుపు సున్నంలోకి తిరిగిపోయి ఉంటాయి. మొదటి విందు సీన్‌నే పరీక్షగా పెట్టుకోండి. నల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు వెనక గోడలో కలిసిపోయినా, చొక్కా ముందుభాగం మడతలు లేకుండా తెల్ల కాగితంలా కనిపించినా ఆ కాపీ వదిలేయండి. తర్వాత వచ్చే వానరాత్రి వీధులు అందులో మీకు ఏమీ కనపడవు.

నిడివి కూడా చూడండి. 98 నిమిషాలే చూపిస్తే కోత అనుకుని కంగారు పడకండి, అది యూరప్ టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములతో నడిపిన కాపీ అయ్యుండొచ్చు. నాలుగు శాతం వేగం పెరుగుతుంది, గొంతులు కాస్త కీచుగా వినిపిస్తాయి. జోన్ బెనెట్ నిదానంగా, బద్ధకంగా మాట్లాడే తీరే పాత్రకి ప్రాణం కాబట్టి, వేరే కాపీ దొరికితే దీన్ని పక్కన పెట్టడం మంచిది. 95 కన్నా తక్కువ ఉంటే మాత్రం ఏవో ముక్కలు పోయినట్టే. రంగులద్దిన కాపీలూ, కంప్యూటర్‌తో మొహాలు నున్నగా చేసిన కాపీలూ అసలు వద్దు. ఈ సినిమాలో రాబిన్‌సన్ మొహం మీద ముడతలు కూడా నటిస్తాయి.

ఫ్రేము దాదాపు చతురస్రం, 1.37:1. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. అవి లేవంటే బొమ్మ సాగిపోయిందన్నా ఉండాలి, పైనా కిందా కోసేశారన్నా ఉండాలి. గడియారం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా చూస్తే తెలిసిపోతుంది. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'సినిమా'కి మార్చండి, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ రెండూ ఆపేయండి. డైనమిక్ కాంట్రాస్ట్ ఆన్‌లో ఉంటే, కథకి ఎంతో ముఖ్యమైన నియాన్ బోర్డు వెలిగి ఆరినప్పుడల్లా టీవీ తనంతట తాను వెలుతురు సర్దుకుంటుంది, దాంతో ఆ సీన్ పాడైపోతుంది. బీచ్ రోడ్డు వైపు బాల్కనీ ఉన్న ఇళ్ళలో పగలు పెట్టుకోకండి, తెర మీద సముద్రం వెలుగే కనిపిస్తుంది. డిసెంబరులో మనకి అయిదున్నరకల్లా పొద్దు కుంకుతుంది, రాత్రి భోజనానికి ముందే మొత్తం సినిమా అయిపోతుంది.

శబ్దం మోనో. సరౌండ్, 'క్లియర్ వాయిస్' లాంటివి ఆపి, ఫ్యాను వేగం తగ్గించి చూడండి. హెడ్‌ఫోన్స్ అయితే ఇంకా మంచిది, కారణం కింద చెబుతాను. 1940ల న్యూయార్క్ యాస గబగబా దొర్లిపోతుంది, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నయం. ఇంటర్వెల్ కావాలనుకునేవాళ్ళు సరిగ్గా సగంలో ఆపకండి. క్రిస్ మనసుపడ్డ కిటీ (జోన్ బెనెట్) అతను వేసిన బొమ్మల్ని తన పేరుతో అమ్ముతోందని తెలిసి, అతను కోపం తెచ్చుకోకపోగా సంతోషించే సీన్ అయ్యాక ఆపండి. ఇద్దరికీ పెళ్ళయినట్టే ఉంది, కాకపోతే నేనే నీ పేరు తీసుకున్నాను అంటాడు. నా దృష్టిలో సినిమాకి అదే ఇరుసు.

ఇక్కణ్ణించి కథ బయటపడుతుంది. చూడనివాళ్ళు చివరి పేరాకి వెళ్ళిపోవచ్చు.

క్రిస్ చేసే నేరాలు మెట్టుమెట్టుగా ఉంటాయి. మొదట తను పెద్ద చిత్రకారుణ్ణని కిటీ పొరబడితే కాదనకపోవడం, తర్వాత భార్య బాండ్లు, ఆ తర్వాత ఆఫీసు గల్లా. దొంగతనం బయటపడ్డాక యజమాని అడిగేది ఒక్కటే ప్రశ్న: ఆడమనిషి కోసమా? కేసు పెట్టకుండా వదిలేస్తాడు. చట్టం అతన్ని తాకకుండా పోవడం అది మొదటిసారి. హత్య దగ్గర కూడా అంతే. ఐస్ గడ్డలు పగలగొట్టే ఐస్ పిక్‌తో కిటీని పొడుస్తాడు, నేరం ఆమె ప్రియుడు జానీ (డాన్ డ్యురియా) మీద పడుతుంది. విచారణని లాంగ్ వరసగా సాక్షుల మొహాలతో చకచకా ముగించేస్తాడు. ఆ వేగంలో జారిపోనివ్వకూడని ముక్క ఒకటుంది. బోనులో క్రిస్ తనకి బొమ్మలు వేయడం చేతకాదని ఒప్పుకుంటాడు. తన పేరు తనే రెండోసారి చెరిపేసుకోవడం అది.

నేరస్థుడికి శిక్ష పడి తీరాలన్నది ఆనాటి హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్ నియమం. ఇక్కడ ఆ హత్య చేయనివాడు విద్యుత్ కుర్చీ ఎక్కుతాడు, చేసినవాడు రోడ్డు మీద తిరుగుతుంటాడు. అయినా కోడ్ ఆఫీసు అనుమతించింది, క్రిస్ అనుభవించేది ఏ జైలుకీ తీసిపోదు కాబట్టి. 1946 జనవరిలో న్యూయార్క్ రాష్ట్ర సెన్సారు మాత్రం నిషేధించింది. మిల్వాకీ, అట్లాంటా నగరాల్లోనూ అదే జరిగింది.

ఆ శిక్ష ఎలా ఉంటుందో హోటల్ గది సీన్‌లో వినాలి. వినాలి అనే అంటున్నాను. రైల్లో ఒక విలేకరి, మనిషి లోపలే ఒక కోర్టు ఉంటుందని మామూలుగా అనేసిన మాట అక్కడ నిజమవుతుంది. చీకటి గదిలో బయటి బోర్డు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, కిటీ, జానీ ఒకరినొకరు ముద్దుగా పిలుచుకునే గొంతులు గుసగుసగా తిరుగుతుంటాయి. ముందు కిటీ గదిలో గ్రామఫోన్ ముల్లు ఒకే మాట దగ్గర ఇరుక్కుపోవడం విన్నవాళ్ళకి ఈ తిరుగుడు ఎక్కడిదో తెలుస్తుంది. అరిగిపోయిన కాపీలో ఈ గుసగుసలు సర్రుమనే శబ్దం కింద పూడిపోతాయి. హెడ్‌ఫోన్స్ అన్నది ఇందుకే. దెయ్యాలు లేవు, పోలీసులు లేరు, చచ్చిపోయాక కూడా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారన్న ఊహే అతన్ని చంపుతోంది. చంపానన్న బాధకన్నా తను ఆ ప్రేమలో ఎప్పుడూ లేనన్న బాధ పెద్దది కావడం ఈ సినిమాలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది. తర్వాత నేనే చంపానని పోలీసులకి చెప్పుకున్నా ఎవరూ నమ్మరు. పేరు ఇచ్చేసినవాడి ఒప్పుకోలు ఎవరికి కావాలి? చివరి నిమిషాలు మాత్రం చెప్పను.

ఇది నచ్చితే తర్వాత జాన్ రెన్వా 1931లో తీసిన ఫ్రెంచి సినిమా 'లా షియన్' చూడండి. లాంగ్ దానినే మళ్ళీ తీశాడు, కథ దాదాపు ఒకటే. కానీ రెన్వా హంతకుడు చివరికి దేశదిమ్మరై, ఏ బరువూ లేకుండా నవ్వుకుంటూ బతికేస్తాడు. ఒకే నేరం ఒకణ్ణి తేలిక చేసి, ఇంకొకణ్ణి పిచ్చివాణ్ణి చేయడం పక్కపక్కన చూడాల్సిందే. లాంగ్‌ది ముందు, రెన్వాది తర్వాత చూడండి. తిరగేసి చూస్తే క్రిస్ బాధ అతిగా అనిపించే ప్రమాదం ఉంది. రెండింటికీ మధ్య కనీసం వారం విరామం ఇవ్వండి. 'ది ఉమన్ ఇన్ ద విండో'ని మూడోదిగా ఉంచుకోండి, దాని గురించి ముందుగా ఏమీ చదవకండి.