మా పాప జబ్బుకి మూడు పేర్లు విన్నాక

మా పాపకి పదకొండేళ్లు. చలికాలంలో చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, కాసేపటికి ఎర్రబడేవి. తర్వాత వేళ్లు ఉబ్బిపోయాయి. నేల మీద కూర్చుంటే చేతులు ఆన్చకుండా లేవలేకపోయేది. పలాసలో కీళ్లవాతం అన్నారు. శ్రీకాకుళంలో లూపస్ కావచ్చన్నారు, అంటే రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు. ఇంకొకరు కండరాల జబ్బన్నారు.

చివరికి విశాఖలో పిల్లల రుమటాలజీ (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే) డాక్టరుగారికి పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి చూపించాం. ఏఎన్ఏ, ఆ తర్వాత ఈఎన్ఏ ప్రొఫైల్ అని, సొంత ఒంటి మీదే పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే రక్తపరీక్షలు రాశారు. యూ1 ఆర్ఎన్‌పీ అనే రకం యాంటీబాడీలు బాగా ఎక్కువున్నాయి. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే కూడా ఎక్కువే. మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అని చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీదికి తిరగబడుతుందట. లూపస్, స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు), కండరాల వాపు, కీళ్లవాతం, వీటి లక్షణాలు ఒకే పాపలో కలిసి కనిపిస్తాయట. "ఇంతకుముందు చూసినవాళ్లు పొరపాటు చెప్పలేదమ్మా, ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క కనిపించింది" అన్నారు. ఆ మాటతో నాకు చాలా స్థిమితం వచ్చింది.

మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం. కిడ్నీ అన్న మాట వింటేనే మా అత్తయ్యకి కాళ్లూ చేతులూ ఆడవు. యూరిన్‌లో ప్రొటీన్ చూడాలనగానే ఇంట్లో ఏడుపులు. లూపస్ లక్షణాలుంటే కిడ్నీలనీ కనిపెట్టి ఉండాలి, దానికీ మన ఊరి జబ్బుకీ సంబంధం లేదని డాక్టరుగారు ఆవిడకి ఓపిగ్గా చెప్పారు. ప్రొటీన్ పోవడం లేదు. ఊపిరితిత్తుల కోసం ఊదించి చూసే పీఎఫ్‌టీ, గుండెకి ఎకో తీశారు. అవీ బాగానే ఉన్నాయి. ఇవన్నీ మళ్లీ మళ్లీ చేయించుకోవాలి.

మందుల్లో నాకు టెన్షన్ పెట్టింది మెథోట్రెక్సేట్, రోగనిరోధక శక్తిని అణిచే మందు. వారానికి ఒక్కసారే, రోజూ కాదు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే క్యాలెండర్లో ఆదివారాలన్నీ ఎర్ర పెన్నుతో చుట్టాను, డబ్బా నా బీరువాలోనే ఉంటుంది. దాంతోపాటు ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర వేరే. స్టెరాయిడ్ మనంతట మనం ఆపకూడదు, వాళ్లే మెల్లగా తగ్గిస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంకో మందు వాడుతున్నంత కాలం కంటి పరీక్షలు తప్పవు. ఈ మందులతో ఇన్ఫెక్షన్ ముదరొచ్చు కాబట్టి, పక్కింట్లో అమ్మవారు పోస్తే వెంటనే ఫోన్ చెయ్యమన్నారు.

పెద్దయ్యేకొద్దీ ఇది పూర్తిగా లూపస్‌లాగానో స్క్లెరోడెర్మాలాగానో మారొచ్చట. అందుకని వెళ్లిన ప్రతిసారీ జబ్బు పేరు కన్నా ముందు, ఈసారి ఏ అవయవాన్ని చూడాలండీ అని అడుగుతున్నాను. మొన్న బడిలో మాస్టారికి డాక్టరుగారి ఉత్తరం ఇచ్చాం. చలిలో ప్రేయర్‌కి బయట నిలబెట్టరు, పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇస్తామన్నారు.