పదహారేళ్ల సర్వీసు, ఆరు నెలల ఖాళీ

2025 ఏప్రిల్లో ఆఖరి పనిరోజున ప్రిన్సిపల్ మేడమ్ నన్ను ఆఫీసు రూముకి పిలిచారు. వచ్చే ఏడాది సెక్షన్లు కలిపేస్తున్నామనీ, హైస్కూలు లెక్కలకి ఒక్క టీచరు చాలనీ చెప్పారు. ఆ ఒక్కరూ నేను కాదు. నాకు పదహారేళ్ల అనుభవం, నాతో పనిచేసే అమ్మాయికి ఆరేళ్లు. ఆమె బాగా చెబుతుంది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ నా జీతం 24 వేలు, ఆమెది 15.

మాది గోపాలపట్నం. మే నెలంతా ఫైలు పట్టుకుని బస్సెక్కి తిరిగాను. కంచరపాలెం, అక్కయ్యపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, అక్కణ్ణుంచి ఇంకో బస్సు మారి మధురవాడ. విశాఖలో స్కూళ్లకి కొదవ లేదు. కానీ ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "మీరు బాగా సీనియర్ మేడమ్, మా బడ్జెట్‌కి కుదరదు." తక్కువకైనా చేస్తానంటే, ఇంతకాలం చేసినావిడ ఎందుకు తగ్గుతోందని అనుమానంగా చూసేవారు. ఒకచోట రోజుకి మూడు పీరియడ్లు, పీరియడ్ లెక్కన డబ్బులిస్తామన్నారు. సెలవు రోజులకి ఏమీ రాదు, పీఎఫ్ లేదు. ఇంకోచోట బీఎడ్ ఒరిజినల్ వాళ్ల దగ్గర పెట్టమన్నారు. చూసుకుని వెనక్కిచ్చెయ్యండి, జిరాక్సు ఉంచుకోండి అన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ ఉద్యోగం పోయినందుకు నాకు బాధ లేదు. ఏడాది మధ్యలో మానాల్సొచ్చినప్పుడు ఆ కాగితం కోసం ఏడ్చినవాళ్లని కళ్లారా చూశాను.

ఉద్యోగమిచ్చే ముందు పాఠం చెప్పించి చూసే డెమోలే అన్నిటికన్నా కష్టం. చాలాచోట్ల క్లాసులో పిల్లలుండరు. బెంచీల మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చుని, తెలిసిన జవాబులే తెలియనట్టు అడుగుతారు. ఒక్క స్కూల్లో మాత్రం వేసవి క్లాసులకొచ్చిన ఏడో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టారు. భిన్నాల భాగహారం చెప్పమన్నారు. రెండో వరసలో ఒక పిల్ల లేచి, "అరని పావుతో భాగిస్తే రెండెలా వస్తుంది మేడమ్? భాగిస్తే తగ్గాలి కదా" అంది. నా ఫైల్లోంచి ఒక తెల్ల కాగితం తీసి సగానికి చింపాను. ఆ సగం ఆ పిల్ల చేతికిచ్చి, "మొత్తం కాగితంలో పావు ముక్కంత ఇందులో ఎన్ని తియ్యగలవో చూడు" అన్నాను. మడిచింది, చింపింది, రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని పక్కపిల్లకి చూపించింది. నేను నోటితో సూత్రం చెప్పక్కర్లేకపోయింది. ఆ నెలలో నేను టీచర్నని నాకనిపించింది ఆ పావుగంటే. వాళ్లూ మెచ్చుకున్నారు, తర్వాత జీతం దగ్గర ఆగిపోయింది.

అప్పుడే ఇంకో చిక్కు బయటపడింది. 2009లో 4,500 రూపాయలకి నేను మొదట చేరిన స్కూలు చేతులు మారి పేరే మారిపోయింది. ఎనిమిదేళ్లు పనిచేశాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగితే, పాత యాజమాన్యం రికార్డులు మా దగ్గర లేవన్నారు. మానేసిన రోజే తీసుకోవాల్సింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. చివరికి నన్ను ఆదుకున్నది పీఎఫ్. 2012 నుంచి నాకు పీఎఫ్ కట్టారు. పీఎఫ్ ఉన్నవాళ్లకిచ్చే యూఏఎన్ నెంబరుతో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ సైట్లోకి వెళ్తే సర్వీస్ హిస్టరీ వస్తుంది. సంస్థ పేరు, చేరిన తేదీ, మానిన తేదీ అన్నీ ఉన్నాయి. అది ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. మొదటి మూడేళ్లకి మాత్రం ఈ రోజుకీ నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ప్రైవేటులో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లందరికీ చెబుతున్నాను, ఆ పేజీ ఈ రాత్రే ఒకసారి తెరిచి చూసుకోండి.

2025లో కేంద్రీయ విద్యాలయాల్లో కాంట్రాక్టు టీజీటీకి, అంటే హైస్కూలు టీచరుకి, నెలకి 26,250 ఇచ్చేవారు. నాకది చాలు. కానీ సీటెట్, అంటే కేంద్రం పెట్టే టీచర్ల అర్హత పరీక్ష, పాసై ఉండాలి, నేను రాయలేదు. ఇక మిగిలింది రాష్ట్ర గవర్నమెంటు స్కూళ్లలో టీచర్లని తీసుకునే డీఎస్సీ. ఏప్రిల్లోనే 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, వయసు 44 దాకా పెంచారు, నాకు 43. రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష టెట్ మార్కులకి 20 శాతం, పరీక్షకి 80 శాతం. పదహారేళ్లు పాఠం చెప్పినందుకు ఒక్క మార్కూ లేదు. కొత్తగా బీఎడ్ చేసిన పిల్లలకి అన్యాయం జరగకూడదు, నిజమే, కానీ అనుభవానికి రెండు మూడు మార్కులైనా ఉండాలని నేననుకుంటాను. రాత్రిళ్లు చదివాను, రాశాను. ఉమ్మడి జిల్లా స్కూల్ అసిస్టెంట్ లెక్కలకి నా మార్కులు చాల్లేదు.

జూన్ 12న స్కూళ్లు తెరిచారు. పొద్దున్న ఎనిమిదింటికి మా సందులో స్కూలు ఆటో హారన్ కొడుతుంటే నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. చేతికి పని తోచలేదు. అమ్మ ఫోన్ చేసి, "ఏటే, ఇంట్లోనే ఉన్నావా?" అంది. రెండు ట్యూషన్లు కుదిరాయి, నెలకి ఆరు వేలు. వాటితోనే నడిపాం.

ఆగస్టు 22న డీఎస్సీ మెరిట్ లిస్టు వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నా పాత స్టూడెంట్ ఒకడు, ఇప్పుడు తనూ టీచరే, ఫోన్ చేసి తనకొచ్చిందని చెప్పాడు. సంతోషంగా అభినందించాను. ఫోన్ పెట్టాక తట్టింది: వీడు ఇప్పుడు పనిచేస్తున్న స్కూల్లో లెక్కలెవరు చెబుతారు? ఎంపికైన వాళ్లలో ప్రైవేటు టీచర్లు బోలెడుమంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాళ్లందరూ ఏడాది మధ్యలోనే వెళ్లిపోతారు. మేలో నేను తిరిగిన స్కూళ్ల లిస్టు తీసి, ఒక్కొక్కరికీ మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి "మీ దగ్గర ఎవరైనా డీఎస్సీకి ఎంపికయ్యారా అండీ?" అని అడిగాను. పదకొండో ఫోన్‌కి పెందుర్తి దగ్గర ఒక స్కూలు వాళ్లు, ఎప్పుడొస్తారు మేడమ్ అన్నారు.

జీతం 20 వేలు. పాతదానికన్నా నాలుగు వేలు తక్కువ. కానీ పన్నెండు నెలలకీ ఇస్తారు, పీఎఫ్ కడతారు, ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేశారు. అపాయింట్‌మెంట్ లెటర్ చేతిలో పడ్డాకే సంతకం చేశాను.

దసరా సెలవులయ్యాక చేరాను. తొమ్మిదో తరగతి నోట్సులు దొంతరగా టేబుల్ మీద ఉన్నాయి. ముందున్న టీచరు సగందాకా దిద్ది వెళ్లింది, త్రిభుజాల పాఠం మూడో లెక్క దాకా ఎర్ర ఇంకుతో టిక్కులున్నాయి. ఒక పిల్లాడు లేచి, "ఆ మేడమ్ మళ్లీ రారా?" అన్నాడు. గవర్నమెంటు ఉద్యోగమొచ్చిందిరా అన్నాను. నాలుగో లెక్క బోర్డు మీద రాశాను.