పేరు పెట్టి పిలవలేక పందొమ్మిది రోజులు

పందొమ్మిది రోజులు ఒకరింట్లో వాళ్ల ఉప్పు తింటూ, ఆ ఇంటావిడను ఒక్కసారి కూడా పిలవకుండా గడిపాను. కోపమేం లేదు, ఏమని పిలవాలో తెలియలేదు, అంతే.

2024 సెప్టెంబర్‌లో ఒక సెమిస్టర్ ఎక్స్చేంజ్‌ కోసం హనుమకొండ నుంచి జర్మనీ వెళ్లాను. మ్యూన్‌స్టర్ దగ్గర చిన్న ఊరు. అసలు క్లాసులు అక్టోబర్‌లో గానీ మొదలుకావు, ముందు భాష కోర్సు, హాస్టల్లో రూము దొరికేదాకా హోస్ట్ ఫ్యామిలీతో ఉండాలి. ఆవిడ, ఆయన, ఇరవై ఏళ్ల కొడుకు, ఒక పిల్లి. బాపు కొత్తవాడ జంపఖానా ఒకటి మడతపెట్టించి, దీనికి 2018లో జీఐ గుర్తింపు వచ్చిందని వాళ్లకు తప్పకుండా చెప్పు అని పంపాడు. చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు, పిల్లి అప్పటికే దాని మీద పడుకుంది.

తిండి సంగతి అందరూ రాసేదే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. రాత్రి భోజనం అంటే బ్రెడ్డు, చీజ్, ఊరబెట్టిన దోసకాయ, అంతా చల్లగా. ఇంకొకటి తీసుకో అంటే మొహమాటానికి వద్దన్నాను, మనింట్లోలాగ రెండోసారి అడుగుతారని. అడగలేదు. గిన్నె వెళ్లి ఫ్రిజ్‌లో కూర్చుంది. ఆ రాత్రి అమ్మ కట్టిచ్చిన సకినాలు దుప్పట్లో దూరి చప్పుడు కాకుండా నమిలాను, సకినాన్ని చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు. రెండో వారానికల్లా మొదటిసారి అడిగినప్పుడే ఊఁ అనడం వచ్చేసింది. అసలు చిక్కు పిలుపు దగ్గర వచ్చింది.

జర్మన్‌లో ‘నువ్వు’కి ‘డూ’, ‘మీరు’కి ‘జీ’. మనకూ రెండూ ఉన్నాయి, పైగా ‘జీ’ వింటే హిందీ మర్యాదే గుర్తొస్తుంది, తేలికే అనుకున్నాను. వచ్చిన రోజే ఆవిడ, నన్ను ‘డూ’ అను, పేరు పెట్టి పిలువు అంది. ‘డూ’తో ఇబ్బంది లేదు, అమ్మనూ బాపునూ నువ్వనే అంటాను కదా. కానీ మా అమ్మకంటే పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నోరు ఎలా వస్తుంది? పోనీ ‘జీ’ అంటూ ఇంటిపేరుతో పిలుద్దామంటే అది బ్యాంకులో మాట్లాడినట్టు ఉంటుందట. మనకు నువ్వు అనే చనువు కావాలి, దాని పక్కన ఒక వరుస కావాలి. ఆ భాషలో ఆ ఖాళీయే లేదు. ఆంటీ అందామా అంటే నాకే నచ్చలేదు, కూరగాయల దగ్గర ఎవరినైనా అనే మాట అది.

అందుకని ఆవిడతో పని పడితే ఆమె ఉన్న గదిదాకా నడిచి, ఎదురుగా నిలబడి, దగ్గేదాన్ని. రెండో వారంలో నాకు దగ్గు మందు తెచ్చిపెట్టింది పాపం.

పందొమ్మిదో రోజు ఆదివారం. అక్కడ ఆదివారం దాదాపు షాపులన్నీ మూసే ఉంటాయి, మనుషులు కాసేపు తీరిగ్గా దొరుకుతారు. అమ్మ వీడియో కాల్ చేసి, ఆవిడను పిలువు ఒకసారి చూస్తా అంది. నేను లేచి నడవబోయాను.

“ఎటు పోతున్నవ్? ఆడికెల్లే పిలవరాదా?”

“ఏమని పిలవాలె?”

“ఇన్ని దినాలు ఏమని పిలిచినవే మరి?”

చెప్పాను. అమ్మ తల పట్టుకుంది. ఆవిడ వచ్చాక, పుట్టిన సంవత్సరం అడగమంది. 1968. అమ్మది 1974. “అయితే నాకు అక్క. నీకు పెద్దమ్మ. అయిపాయె.” పందొమ్మిది రోజుల టెన్షన్ అర నిమిషంలో తేలిపోయింది.

తర్వాత విడిగా అడిగాను, ఆడవాళ్లు కొత్తగా కలిస్తే వదినా అనే అంటావు కదా, ఈవిడను అక్క ఎందుకు చేశావు అని. “వదినె అంటే నీకు అత్త గాదా? ఆమెకు కొడుకున్నడు, నేను చూసిన,” అంది. అత్త కొడుకు బావ, పెద్దమ్మ కొడుకు అన్న. కాల్‌లో ఆ పిల్లగాడు వెనకనుంచి పాల గ్లాసుతో అటూ ఇటూ తిరిగాడు, అంతలోనే మా అమ్మ లెక్క తేల్చేసింది!

ఇది పెద్దమ్మకు వివరించడానికి కాగితం మీద బొమ్మ గీయాల్సి వచ్చింది. నవ్వీ నవ్వీ కొడుకుని పిలిచి, నువ్వు తప్పించుకున్నావురా అన్నట్టు ఏదో అంది. ‘పెద్దమ్మ’ ఆమె నోట ‘పెదామ’ అయింది, ఆయన ‘పెద్దబాపు’ మాత్రం ఎంతకీ తిరగలేదు, ‘బాపు’ దగ్గర ఆగిపోయాడు.

అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు ఎక్కడ తేను? రైలు పట్టాల పక్కన పచ్చగా గోల్డ్‌రూటె అని విరగబూస్తుంది, అమెరికా నుంచి వచ్చి ఊరంతా పాకిన మొక్క, కోసుకుంటే ఎవరూ ఏమనరు. దూరం నుంచి తంగేడే. చివరి పూత దొరికింది. దుకాణంలో చామంతులు కొనుక్కొస్తే పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. అక్కడ చామంతి ఎక్కువగా సమాధుల మీద పెట్టే పువ్వు, నవంబర్ 1న శ్మశానాలు వాటితో నిండిపోతాయట. బంతి మాత్రం ఆమె తోటలోనే ఉంది, దాన్ని వాళ్లు స్టూడెంటెన్‌బ్లూమె అంటారు, అంటే విద్యార్థి పువ్వు. నా పువ్వే కాబట్టి ఎన్నైనా కోసుకోమంది. చామంతులు కూడా పెట్టాం, చివరికి ఆవిడే పెట్టింది.

సద్దుల రోజు కాలువలో వదలొచ్చో లేదో తెలియక, తోటలో వానీళ్లు పట్టే డ్రమ్ములో వదిలాం. చిన్న బతుకమ్మ, బాగానే తేలింది. ఇద్దరం చలికి చేతులు ముడుచుకుని చూస్తుంటే పెద్దమ్మ అడిగింది, అందరికీ వరుస ఉంది కదా, మరి ఈమె మనకేమవుతుంది అని.

నాకు తట్టలేదు. అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర, అప్పుడే పద్మాక్షి గుట్ట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

“బిడ్డ,” అంది. “ఇంకేమైతది?”