335 మీద మనసు, 73 మీద బేరం

డిసెంబరు

గిబ్సన్ ఈఎస్-335 అనే గిటారు మీద నాకు మనసు పడి చాలా ఏళ్లయింది. పలచటి గుల్ల పొట్ట, దాని మీద ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు, లోపల నడుమ నుంచి నిలువునా సాగే మేపుల్ దిమ్మ. 1958లో అమెరికాలోని కలమజూ ఊళ్లో దీని తయారీ మొదలైంది. ఇప్పుడు కొత్తది కొనాలంటే మన దేశంలో మూడు లక్షలకు పైమాటే. అంత పెట్టి కొంటే దాన్ని తాకే ధైర్యం నాకుండదు, నాతో మాట్లాడే ఓపిక మా ఆవిడకుండదు.

అందుకని ఈసారి పేరును పక్కన పెట్టి కట్టుబడిని వెతకాలని నిర్ణయించుకున్నాను. వెతుకులాట, బేరం, మరమ్మతు అన్నీ నెలవారీగా రాసి పెడతాను. విజయవాడ, గుంటూరు వైపు ఇదే పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేమీ లేరు, వాళ్లకు పనికొస్తుంది.

ముందుగా ఆ దిమ్మ సంగతి. పూర్తి గుల్ల గిటారుకు పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పరికరం) పెట్టి యాంప్లిఫయర్ శబ్దం పెంచితే, స్పీకరు నుంచి వచ్చిన మోత పొట్ట మీది పలకను కదిలిస్తుంది. పలక తీగలను కదిలిస్తుంది. పికప్ దాన్నే మళ్లీ స్పీకరుకు పంపుతుంది. క్షణాల్లో అది ఊళలోకి దిగుతుంది. దీనికి విరుగుడుగా 1940ల తొలినాళ్లలో లెస్ పాల్ అనే గిటారిస్టు ఒక పైన్ దుంగకు తీగలు, పికప్‌లు బిగించి, చూడటానికి గిటారులా ఉండాలని ఎపిఫోన్ గిటారును నిలువునా కోసి ఇరువైపులా తగిలించాడు. టెడ్ మెకార్టీ నడిపిన కాలంలో గిబ్సన్ సంస్థ అదే ఆలోచనను అందంగా 335లో దాచింది. నడుమ దిమ్మ వల్ల ఊళ తగ్గుతుంది, రెక్కల్లోని గుల్ల వల్ల నాదానికి కాస్త ఊపిరి మిగులుతుంది. మీటిన క్షణంలో కొట్టినట్టుగా ఉండదు, స్వరం మెల్లగా విచ్చుకుంటుంది. నాకు కావలసింది అదే.

రెండో కారణం గమకం. నా వాయింపు మోహన, హిందోళం, పాత సినిమా పాటల చుట్టూనే తిరుగుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాక, కరెంటు వాద్యంలో గమకం రాదనే మాటకు మన దగ్గర విలువ లేకుండా పోయింది. అయితే గిటారు మీద గమకమంటే తీగను పక్కకు లాగాలి. 335 తీగ పొడవు 24.75 అంగుళాలు, ఫెండర్ గిటార్లలో ఎక్కువ వాటికి 25.5. తీగ మందం, శ్రుతి ఒకటే అయినప్పుడు పొట్టిదాని మీద బిగువు తక్కువ, లాగడం తేలిక. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది గానీ గంటసేపు వాయిస్తే వేళ్లకు తెలుస్తుంది.

సంక్రాంతి తరువాత

ఈ తరహాలో చేతికందేవి ఏమున్నాయో చూశాను. ఎపిఫోన్ మొదటిది. 1957లో గిబ్సన్ ఈ సంస్థను కొనేసింది కాబట్టి 335 రూపాన్ని హక్కుగా వాడుకోగలదు. 1997 నుంచి వచ్చిన డాట్ నమూనా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కొత్తది కావాలంటే అర లక్షకు పైనే. ఎపిఫోన్ కసీనో ఫొటోలో అచ్చం 335లాగే ఉంటుంది, లోపల దిమ్మ ఉండదు. ఇంట్లో నెమ్మదిగా వాయించుకునేవాళ్లకు బాగానే ఉంటుంది, వేదిక మీద ఊళను అదుపు చేయడం కష్టం. ఫెండర్ వారి చౌక రకం స్క్వయర్ థిన్‌లైన్‌లు అందంగా ఉన్నాయి కానీ మళ్లీ అదే 25.5 అంగుళాలు, వదిలేశాను.

మిగిలింది ఐబనీజ్ ఆర్ట్‌కోర్ వరస, 2002లో మొదలైంది. ఇందులో అక్షరాలు చూసుకోవాలి. ఏఎస్ అంటే నడుమ దిమ్మ ఉన్నది, ఏఎఫ్ అంటే పూర్తి గుల్ల. పాత సామాను అమ్మేవాళ్లు రెండింటికీ ఒకే వర్ణన రాసి పెడుతున్నారు. ఏఎస్73 తీగ పొడవు 628 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 24.75 అంగుళాలే. మెడను మరలతో బిగించకుండా పొట్టకు జిగురుతో అతికించారు. తయారీ చైనాలో. ఐబనీజ్ పేరు వెనక ఉన్నది జపాన్‌లోని హోషినో గక్కి. గిటారు తల ఆకారాన్ని తమను చూసి తీశారని 1977లో గిబ్సన్ మాతృసంస్థ అమెరికాలో ఐబనీజ్ పంపిణీదారు మీద కేసు వేస్తే, అది కోర్టు బయట రాజీతో ముగిసింది. ఇప్పుడు ఆ వేడి ఎవరికీ లేదు, నాలాంటివాడికి మాత్రం మేలు జరిగింది.

దుకాణాల్లో వెతకడం దండగ అని తేలింది. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల వేలాడేవన్నీ మామూలు అకౌస్టిక్‌లు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు యాంప్లిఫయర్‌తో కలిపి ఇచ్చే స్ట్రాటోకాస్టర్ ఆకారాలు. ఈ జిల్లాల్లో మంచి ఎలక్ట్రిక్ గిటారు ఉందంటే అది చర్చి సంగీత బృందంలోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో ఉంటుంది. నాకు తెలిసిన కీబోర్డు వాయిద్యకారుడి చెవిన ఒక మాట వేశాను. ప్రకటనల కన్నా అదే పని చేసింది.

ఫిబ్రవరి, గుణదల ఉత్సవాల వారం

గుంటూరు బ్రాడీపేటలో ఏఎస్73 ఉందని కబురు వచ్చింది. అమ్మేది చర్చిలో ఏళ్ల తరబడి వాయించిన పెద్దమనిషి. ఇప్పుడు ఆయన పూర్తిగా బేస్ గిటారుకు మారిపోయారు. పెట్టె తెరవగానే మెడ వెనక నట్టుకు (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీకి) దిగువన సన్నని గీత కనిపించింది. ఈ తరహా గిటార్లలో తల వెనక్కి వాలి ఉంటుంది, అక్కడే లోపలి ఇనుప కడ్డీ కోసం చెక్కను తొలుస్తారు. కిందపడితే ముందు విరిగేది ఆ చోటే.

“అన్నగారూ, ఈ గీత ఏమిటి?” అని అడిగాను.

“అది పెయింటు మీది గీత తమ్ముడూ, చెక్కలోకి పోలేదు. గోరు పెట్టి చూడు.”

గోరు ఆనలేదు. తలను మెల్లగా ముందుకు, వెనక్కి వంచి చూస్తే గీత విచ్చుకోలేదు. ఆ తరువాత ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ (మెడ మీది అడ్డ మెట్టు) నొక్కి విన్నాను. నాలుగు కంట్రోళ్లూ (వాల్యూమ్, టోన్ సర్దే మీటలు) తిప్పాను, మూడు కరకరలాడాయి. జాక్ (యాంప్లిఫయర్ వైరు గుచ్చే చోటు) దగ్గర వైరు కదిపితే శబ్దం తెగి వస్తోంది. నాకు లోలోపల సంతోషమే. అవి బాగుచేయగలిగిన జబ్బులు, బేరానికి పనికొచ్చే జబ్బులు. ఆయన ఇరవై ఎనిమిది వేలు చెప్పారు. గట్టి పెట్టెతో సహా ఇరవై నాలుగుకు తెగింది. వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

మార్చి

చౌక గిటార్ల గురించి ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. చెక్క పని బాగానే ఉంటుంది. కంపెనీ పొదుపు చేసేదంతా నట్టులో, కంట్రోళ్లలో, జాకులో. కాబట్టి చెక్క బాగున్న పాత గిటారు కొని చిల్లర సామాను మార్చుకోవడమే లాభం.

పనిముట్ల కోసం ఆటోనగర్ వెళ్లాను. గిటారు సామాను పేరుతో అమ్మితే వేలల్లో ఉండేవి అక్కడ వందల్లో దొరుకుతాయి. ఇంజిన్ వాల్వుల సందు కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి, గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు సూదుల కట్ట ఒకటి తీసుకున్నాను. మొదటి ఫ్రెట్టు దగ్గర, చివరి ఫ్రెట్టు దగ్గర ఆరో తీగను నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్టు మీద తీగ కింది సందులో 0.2 మిల్లీమీటర్ల రేకు రాసుకుంటూ వెళ్తే మెడ వంపు సరిగ్గా ఉన్నట్టు. నాదానిలో రేకులు రెండు పట్టాయి. కడ్డీని పావు చుట్టు బిగించి, ఒక రాత్రి ఆగి, మళ్లీ చూసి ఇంకాస్త బిగించాను.

నట్టులో మూడో తీగ గాడి బిగుసుగా ఉంది. తీగను లాగి వదిలితే టిక్కుమని, శ్రుతి కొంచెం హెచ్చుగానో తగ్గుగానో నిలబడిపోయేది. గమకాలు వేసేవాడికి ఇది నరకం. తీగ మందానికి సరిపోయే వెల్డింగ్ సూదితో గాడి పక్కలను మాత్రమే రుద్దాను, అడుగు తాకకుండా. తరువాత మెత్తని పెన్సిల్ ములికిని గాడిలో రాశాను. టిక్కు పోయింది. పన్నెండో ఫ్రెట్టు మీద ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగ 1.8. ఇంకా దించితే నొక్కడం సుఖంగానే ఉంటుంది, కానీ తీగను లాగినప్పుడు పైనున్న ఫ్రెట్టుకు తగిలి స్వరం చచ్చిపోతుంది.

ఏప్రిల్

ఇక అసలు పని. ఘన చెక్క గిటారుకు వెనక మూత తీస్తే వైర్లన్నీ కనిపిస్తాయి. దీనికి మూత లేదు. నాలుగు కంట్రోళ్లు, స్విచ్చు, జాకు అన్నీ ఎఫ్ రంధ్రం గుండానే బయటికి రావాలి, ఆ దారినే లోపలికి పోవాలి. చాలామంది మరమ్మతుదారులు ఈ పని అంటేనే మొహం తిప్పుకుంటారు.

గవర్నరుపేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాలమ్మే పెద్దాయనకు కాగితం మీద రాసిచ్చాను: ఏ500కె, చిన్న సైజు. ఏ అంటే లాగ్ తరహా, బీ అంటే లీనియర్. వాల్యూమ్‌కు లీనియర్ వేస్తే శబ్దంలో మార్పంతా ఒక్క చివరనే ఉన్నట్టు అనిపిస్తుంది. సైజు కూడా ముఖ్యం. ఆసియాలో తయారైన గిటార్ల రంధ్రాలు ఇరుకు, అమెరికా తరహా పెద్ద కంట్రోళ్లు పట్టాలంటే పొట్ట మీద తొలవాలి. ఆ పని నేను చేయను.

విప్పే ముందు ప్రతి కంట్రోలు కాడకూ ఒక్కో రంగు దారం కట్టాను: ముందు పికప్ వాల్యూమ్‌కు ఎరుపు, టోన్‌కు పసుపు, వెనక పికప్‌కు ఆకుపచ్చ, తెలుపు. తరువాత నట్లు విప్పి, కాడలను లోపలికి జారవిడిచి, ఎఫ్ రంధ్రం లోంచి ఒక్కొక్కటే లాగాను. దారం రెండో కొస పొట్ట మీది రంధ్రంలోనే ఉండిపోతుంది, అదే తిరుగుదారి. పెళ్లి కార్డు అట్ట మీద రంధ్రాల కొలతలు అచ్చు తీసి, కొత్త కంట్రోళ్లను దాని మీద గుచ్చి, అక్కడే టంకం వేశాను. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కంట్రోలు వీపు వేడెక్కడానికి చాలా సేపు పట్టింది. 40 వాట్లది అయితే క్షణంలో అంటుకుంటుంది, ఎక్కువసేపు కాల్చి లోపలి పట్టీని పాడుచేయనక్కర్లేదు. టోన్‌కు 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేశాను.

తిరిగి పెట్టేటప్పుడు కాడలు నున్నగా ఉండి దారం జారిపోతోంది. చేపల తొట్టెలో గాలి పంపే మెత్తని గొట్టం ముక్కలు వేడినీళ్లలో ముంచి కాడల మీదికి తొడిగాను. దారం కట్టిన గొట్టాన్ని పైనుంచి లాగితే కాడ తల రంధ్రంలో మొలక లేచినట్టు పైకొచ్చింది. వెంటనే వాషరు వేసి నట్టు తిప్పాను. జాకు మాత్రం గొడవ పెట్టింది, వైరు పొట్టిదై దిమ్మ అంచుకు పట్టుకునేది. నాలుగు అంగుళాలు వదులుగా వదిలి మళ్లీ టంకం వేశాక దారికొచ్చింది. కంట్రోళ్లు, స్విచ్చు, జాకు, వైరు, కెపాసిటర్లు అన్నీ కలిపి పదహారు వందలయ్యాయి.

రోహిణి కార్తె

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, గిటారు మెడ ఎంత? పొడి వేడికి చెక్క కుంచించుకుని మెడ నిటారుగా అయింది, మొదటి నాలుగు ఫ్రెట్లలో తీగలు రొద చేస్తున్నాయి. ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటున్నాయి. కడ్డీని పావు చుట్టు వదులు చేశాను. పెట్టెలో తడిపి పిండిన స్పాంజిని చిల్లులున్న సబ్బు డబ్బాలో పెట్టి ఉంచుతున్నాను. ఏసీ గదిలో గోడకు వేలాడదీయడం అందంగా ఉంటుంది కానీ ఈ నెలలో అది చెక్కకు శిక్షే.

హమ్ (స్పీకరులో వినిపించే కరెంటు మోత) సంగతి కూడా ఈ నెలలోనే తేలింది. ఇందులో ఉన్నవి హంబకర్ రకం పికప్‌లు. వ్యతిరేక దిశల్లో చుట్టిన రెండు కాయిల్స్, వాటికి వ్యతిరేక ధ్రువాల అయస్కాంతం: కరెంటు హమ్ రద్దయిపోతుంది, తీగ శబ్దం మిగులుతుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అయినా మా హాల్లో ఒక సన్నని మోత వదలడం లేదు. శ్రుతి పట్టి చూస్తే ఆరో తీగ మూడో ఫ్రెట్టు స్వరానికి కొంచెం పైన ఉంది. అది 98 హెర్ట్జ్, మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100. అంటే మోత గిటారుది కాదు, ఇంటిది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఆ ప్లగ్గు ఎర్త్ పిన్నుకు వైరే లేదు. సరిచేశాక మోత చాలావరకు తగ్గింది. మోత పోతుందని యాంప్లిఫయర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లను చూశాను. ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది.

జులై

బంధువుల పెళ్లి విందులో ఒక చిన్న బృందంతో కూర్చున్నాను. పెద్ద స్పీకర్లకు దగ్గరగా ఉండటం వల్ల, దిమ్మ ఉన్నా రెండో తీగ మీద ఒక స్వరం ఊగిపోతోంది. బి.బి. కింగ్ తన గిటారు రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో అతని పేరుతో గిబ్సన్ తెచ్చిన నమూనాకు ఎఫ్ రంధ్రాలే లేవు. నేను నల్ల స్పాంజిని రంధ్రం ఆకారానికి కత్తిరించి బిగించాను. ఊపు ఆగింది, దూరం నుంచి ఎవరికీ కనిపించలేదు.

335 కోరిక చచ్చిందా అంటే చావలేదు. హైదరాబాదులో ఒక మిత్రుడి గిటారు వాయించి చూశాను. స్వరం ఆరిపోయే చివరి భాగంలో దానికున్న నిండుదనం నాదానికి లేదు. పికప్‌లు మారిస్తే కొంత దగ్గరికి రావచ్చు, కానీ మంచి జత ధర గిటారు ధరలో సగం. దసరా దాకా ఆ ఊసు ఎత్తకూడదని ఇంట్లో ఒప్పందం.

ప్రస్తుతం 10-46 తీగలున్నాయి (సన్నదీ లావుదీ ఎంత మందమో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకెలు). ఈ వారం 11-49 వేస్తాను. బిగువు పెరుగుతుంది కాబట్టి వంపు మళ్లీ కొలవాలి, నట్టు గాడులు కాస్త వెడల్పు చేయాలి. వాన తేమకు మెడ ముందుకు వంగడం ఎలాగూ మొదలైంది, రెండూ ఒకేసారి సర్దుతాను. పద్నాలుగో ఫ్రెట్టు కొంచెం ఎత్తుగా ఉంది. దాన్ని అరగదీయడానికి నున్నటి ఆకురాయి కావాలి, ఆదివారం ఆటోనగర్ మూసి ఉంటుంది కాబట్టి శనివారమే వెళ్లాలి.