ఓరుగల్లు తోరణాల నుంచి కడలి తోరణానికి

మా అమ్మ ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. అందుకే ఈ నెలాఖరులో హనుమకొండ నుంచి ఖమ్మం, సత్తుపల్లి, రాజమహేంద్రవరం మీదుగా విశాఖకు కారులో వెళ్లాలని నిశ్చయించుకున్నాం. దారి దాదాపు 500 కిలోమీటర్లు కనుక మొదటి రాత్రి గోదావరి ఒడ్డున ఆగుతాం.

విశాఖలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండను చూస్తాం గానీ, నా మనసంతా భీమిలి దారి మీదే ఉంది. బౌద్ధారామ శిథిలాలున్న తొట్లకొండ ఎక్కి కడలిని పైనుంచి చూశాక, మంగమారిపేట వద్ద ఉన్న సహజ శిలాతోరణం దగ్గరకు నీళ్లు వెనక్కి తగ్గే ఆటు వేళలోనే వెళ్లాలి; పోటు వేళ ఆ నాచు పట్టిన రాళ్ల మీద నడవడం అమ్మకే కాదు, ఎవరికైనా ప్రమాదమే. కోటలో కాకతీయుల తోరణాలను చూస్తూ పెరిగిన నాకు, ప్రకృతి మలిచిన తోరణాన్ని అమ్మ పక్కన నిలబడి చూడాలని ఎంతో ఆశగా ఉంది.

సంక్రాంతి సకినాలను అమ్మ అప్పుడే స్టీలు డబ్బాలో సర్ది, మూతకు గుడ్డ కట్టి పెట్టింది.